సినిమాలో మా మిల్లు నంబరు

నలభైల చివర నరసరావుపేటలో టెలిఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. నంబర్లూ చిన్నవే. ఊరి బయట వినుకొండ రోడ్డులో నేను గుమాస్తాగా చేసిన పత్తి మిల్లుది పదిహేడు. ఫోనెత్తి పోస్టాఫీసులోని ఆపరేటరుతో ‘పదిహేడు’ అంటే చాలు, ఆయన కలిపేవాడు.

ఆ వేసవిలో టూరింగు టాకీసుకు ఒక సినిమా వచ్చింది. అందులో దుర్మార్గుడైన జమీందారుకు ఎవరో ఆడమనిషి పేరు చెప్పకుండా ఫోను చేసి బెదిరిస్తుంటుంది. ఆ జమీందారు నంబరు పదిహేడు. మద్రాసులో కూర్చుని కథ రాసినాయన నోటికొచ్చిన అంకె వేసి ఉంటాడు. ఆ అంకెకు ఎక్కడో ఒక ఊళ్లో ఫోనెత్తే మనిషి ఉంటాడని ఆయనకెందుకు తోస్తుంది?

మర్నాటి నుంచి మాకు తిప్పలు మొదలయ్యాయి. ఊళ్లో ఫోనున్న ప్రతి కొట్టుకూ అదే ఆట.

“ఏమయ్యా జమీందారూ, ఆ పిల్ల ఆస్తి ఎప్పుడిస్తావు?”

“ఇది పత్తి మిల్లండీ.”

“అట్టాగే అంటావులే, దొంగవి గదా.”

ఇంకొకడు గొంతు సన్నం చేసి, “నేనెవరో చెప్పుకో” అనేవాడు. పెట్టేస్తే మళ్లీ మోగేది. పత్తి ధర అడగవలసిన పెద్దమనుషులు కూడా ముందు జమీందారును నాలుగు తిట్టి, ఆ తరువాత ధర అడిగేవారు. ఆ రోజుల నా డైరీ నిండా ఈ విసుగే.

చివరికి మా యజమాని, ఎవరు కావాలో పేరు చెప్పినవాళ్లకే కలపమని ఆపరేటరుకు గట్టిగా చెప్పాడు. ఫోను నోరు మూతపడింది.

ఆ వారమే నా భార్య తొలి కాన్పుకు ఊళ్లోని మిషను ఆసుపత్రిలో చేరింది. తోడు మా అత్తగారు. మధ్యాహ్నం బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషను చేయాలి, భర్త సంతకం కావాలి అంది డాక్టరమ్మ. నర్సు పదిహేడు అడిగి, ఫోను అత్తగారి చేతికిచ్చి లోపలికి పరిగెత్తింది.

మా మామగారి పేరూ నా పేరూ ఒకటే. మొగుడి పేరు అత్తగారు నోట పలకదు. నన్నెప్పుడూ ‘అబ్బాయ్’ అనే పిలిచేది.

“ఎవరు కావాలమ్మా?” అన్నాడు ఆపరేటరు.

“మా అల్లుడు.”

“పేరు?”

“నేను చెప్పగూడదు బాబూ.”

“పొద్దుటి నుంచి చానామంది అత్తలయ్యారు. సినిమా చూసొచ్చి మా ప్రాణం తీస్తారేంది?”

ఫోను కట్. మళ్లీ చేసినా అంతే. ఆవిడ జట్కా కట్టించుకుని, మండుటెండలో మిల్లుకు వచ్చింది. అదే జట్కాలో వెళ్లి సంతకం పెట్టాను. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరిలో ఒకరే మిగిలేవారని డాక్టరమ్మ నన్ను చీవాట్లు పెట్టింది, నేనే కావాలని ఆలస్యం చేసినట్టు.

వరండాలో కూలబడి, “ఆ ఒక్కసారికి పేరు చెబితే ఏమయ్యేది అత్తయ్యా?” అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఏందబ్బాయ్ ఆ మాట? నా పెళ్లినాడు గుమ్మం దగ్గర అందరూ అడ్డం నిలబడి అడిగితేనే చెప్పలా. ముక్కూ మొహం తెలియనోడికి ఫోనులో చెప్పమంటావా?”