అమావాస్య బ్యాండు

మీ బ్యాండులో ఎవరెవరు ఉండేవాళ్లు అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆయాసం వస్తుంది. ఏ ఏడాదిలో అని ఎదురడగాలి మరి. మొదలుపెట్టిన నలుగురిలో చివరిదాకా మిగిలింది నేనొక్కణ్ణే. అందులో నా గొప్పేమీ లేదు. బేస్ గిటారు వాయించేవాణ్ణి ఎవరూ పిలుచుకుపోరు, ఎవరూ వెళ్లగొట్టరు. ఉన్నాడో లేడో కూడా సగంమందికి తెలియదు.

అది తొంభైల మధ్యలో మాట. నంద్యాలలో బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపులో ఎర్రకోట్లు వేసుకుని బాకాలు ఊదేవాళ్లే. మేం బ్యాండు పెట్టామని ఇంట్లో చెబితే మా నాయన కళ్లద్దాలు సర్దుకుని, ఎవరి పెండ్లికి అని అడిగాడు. ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే అడిగాడు. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

మాకు పిచ్చి పట్టించింది ఒక క్యాసెట్. మా గిటారువాడి మేనమామ బెంగళూరు నుంచి తెచ్చాడు. అట్ట ఎక్కడో పోయింది, పాడినవాళ్లెవరో తెలియదు. గిటార్లు ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీలాగా మూలిగేవి. పాడేవాడు ఒక చరణం జోలపాటలాగా పాడి, మరుసటి చరణం పొలం గట్టు దగ్గర దాయాదితో తగాదా పడినట్టు అరిచేవాడు. దాన్ని ఆల్టర్నేటివ్ మెటల్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాకవి 'ఆ క్యాసెట్లో పాటలు', అంతే.

ఆ క్యాసెట్ వినడానికి మాకున్నది ఒకటే టేప్ రికార్డరు. అది డ్రమ్ములు వాయించేవాడిది. వాళ్లది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇల్లు. ఇంటి వెనుక రేకుల షెడ్డు, షెడ్డు నిండా సగం మొహంతో ఆంజనేయులు, తొండం ఇంకా రాని వినాయకులు. టేప్ రికార్డరు అక్కడే ఒక బండ మీద ఉండేది. ఉలి దెబ్బలు తెల్లారినప్పటి నుంచీ పడుతూనే ఉంటాయి కాబట్టి దాని మీద ఎప్పుడూ వేలెడు మందాన రాతిపొడి. గుడ్డతో దులిపితే తుమ్ములు వచ్చేవి.

మేం ప్రాక్టీసు చేసేది కూడా ఆ షెడ్డులోనే, అదీ అమావాస్య నాడు పగటిపూట. ఆ రోజు శిల్పులు ఉలి పట్టరు. మిగతా రోజుల్లో షెడ్డు మాది కాదు, డ్రమ్ములవాడి చేతులూ మావి కావు. అందుకని మేం నంద్యాలవాళ్లం ముగ్గురం అమావాస్య కోసం కాలెండరు చూసుకుని, గిటార్లు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవాళ్లం. మంచిపనికి ఎవరూ బయల్దేరని రోజున వీళ్లు బయల్దేరుతారని వీధిలో నవ్వేవాళ్లు. అమావాస్య బ్యాండు అని పేరు కూడా వాళ్లే పెట్టారు. మేం పెట్టుకున్న ఇంగ్లీషు పేరు ఇప్పుడు మాకే గుర్తు లేదు.

మా నాలుగోవాడు గాయకుడు. వాడి గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు మాట తడబడుతుంది. సన్నగా, మెడ కొంచెం వంచుకుని నిలబడేవాడు. నోరు తెరిస్తే మాత్రం ఆ ఒంట్లోంచి అంత బరువైన గొంతు ఎట్లా వస్తుందో అర్థమయ్యేది కాదు. బావిలోంచి చేదతో తోడినట్టు ఉండేది. వాళ్ల చేలో బోరు వేయిస్తే నీళ్లు పడలేదు. దాని మీద వాడే ఒక పాట కట్టాడు. మొదట మెల్లగా, బోరుబండి వాళ్లకు మజ్జిగ ఇచ్చే మర్యాదతో మొదలై, చివరికి ఉత్త దుమ్ము పైకొచ్చే చోట కేక. ఆ కేక దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. జీవితంలో నేను పాలుపంచుకున్న మంచి పని ఏదైనా ఉందంటే ఆ పాటే.

కర్నూలులో ఒక కాలేజీ ఉత్సవానికి బ్యాండులను పిలుస్తున్నారని, ముందుగా క్యాసెట్ వినిపించాలని తెలిసింది. ఒక అమావాస్య నాడు టేప్ రికార్డరును పూర్తికాని నంది వీపు మీద పెట్టి, రెండు మీటలూ కలిపి నొక్కి బోరు పాట రికార్డు చేశాం. వెనక్కి తిప్పి విన్నాం. బాగుంది. పనిలేక అరుగు మీద కూర్చున్న డ్రమ్ములవాడి నాయన కూడా, మధ్యలో లేచిపోకుండా మొత్తం విన్నాడు.

కర్నూలుకు నలుగురమూ వెళ్లాం. ఒక గదిలో విద్యార్థి నాయకులు, బల్ల మీద పెద్ద మెషీను, దానికి రెండు నిలువెత్తు స్పీకర్లు. మా క్యాసెట్ పెట్టారు. పాట మాదే. కానీ గబగబా పరిగెత్తుతోంది. గిటార్లు తంబూరా తీగల్లాగా సన్నబడ్డాయి. ఇక గొంతు... పదేళ్ల ఆడపిల్ల పట్టుదలగా పాడినట్టుంది. కేక వచ్చేచోట ఎవరో ఫక్కున నవ్వారు, దాంతో అందరూ నవ్వారు. ఒకతను మర్యాదగానే, మీ చెల్లెలా పాడింది అని అడిగాడు. మా గాయకుడు లేచాడు. మెషీను ఆపి, క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సులో గిటారువాడు డ్రమ్ములవాడి మీద పడ్డాడు. నీ చెయ్యి పరిగెత్తింది, నువ్వు తొందరపడబట్టే పాట పాడైందన్నాడు. నేను తొందరపడలేదని డ్రమ్ములవాడు మళ్లీ మళ్లీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మరి మెషీను అబద్ధం చెబుతుందా? మన టేప్ రికార్డరు మన మనిషి, మనకు నచ్చినట్టు వినిపిస్తుంది, కర్నూలు మెషీను ఎవరి మొహమూ చూడదు. మిగతా ముగ్గురికీ ఇదే తోచింది. సొంత ఊరి అద్దం కన్నా పరాయి ఊరి అద్దం నిజం చెబుతుందనే ఈ జబ్బు మా వైపు ఇంకా తగ్గలేదు.

గాయకుడు నంద్యాలలో దిగేముందు ఒకటే మాట అన్నాడు. "నా గొంతు ఇట్లుంటాదని మీరెవురూ చెప్పకపోతిరే." ఆ తర్వాత వచ్చిన అమావాస్యకు బస్టాండుకు రాలేదు. ఇంటికి వెళ్లి బతిమాలాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది, వాడు బయటికి రాలేదు.

ఇక అక్కడి నుంచి నాది మనుషులను వెతికే ఉద్యోగం. రెండో గాయకుడు ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు పాడేవాడు. అరవమంటే జలుబు చేస్తుందనేవాడు. ఈలోగా డ్రమ్ములవాడి నాయనకు కళ్లు మసకబారి, ఇంటి పనంతా వాడి మీద పడింది. వాళ్లకు అమావాస్య సెలవు కూడా పోయింది. షెడ్డుతో పాటు ఆ టేప్ రికార్డరూ మాకు దూరమై, మేం నంద్యాలలో ఒక మూతపడ్డ నూనెమిల్లులోకి మారాం. మూడో గాయకుడు చర్చిలో పాడే కుర్రాడు, బంగారంలాంటివాడు. కానీ మీ గిటార్లు మా కీబోర్డుతో కలవడం లేదు, బాగా కిందికి ఉన్నాయన్నాడు. నిజమే, మేం ఆ బెంగళూరు క్యాసెట్ వింటూ దానికి కలిసేట్టు తీగలు వదులు చేసుకున్నాం. కీబోర్డు కోసం బిగించాం. బిగించిన రోజు నుంచి బోరు పాట ఇంకెవరిదో అయిపోయింది. వాయించడం మానేశాం.

తర్వాత గిటారువాడు విత్తనాల కంపెనీలో చేరి ఊళ్లు పట్టుకు తిరిగాడు. చర్చి కుర్రాడికి పెళ్లైంది. డ్రమ్ములకు బదులు మెషీను ప్యాడు వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటేసరికి మేం వినాయకచవితి పందిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా. బోర్డు మీద పేరు మారింది, వెనక నేను తప్ప అందరూ మారారు. యాగంటి తిరుణాలలో వాయించిన రోజు జనంలో మా మొదటి గాయకుణ్ణి చూశాను. భజన బృందంలో ఉన్నాడు. తాళాలు వేస్తున్నాడు. అందరూ పాడుతుంటే వాడి నోరు మాత్రం మూసుకునే ఉంది. పలకరించలేకపోయాను.

ఒకరోజు డ్రమ్ములవాడు కబురు పెట్టాడు. షెడ్డు ఖాళీ చేసి మెయిన్ రోడ్డు మీదికి మారుతున్నారట, మీ సామాను ఏమన్నా ఉంటే తీసుకుపో అని. వెళ్లేటప్పుడు ఎందుకో మా బోరు పాట క్యాసెట్ జేబులో వేసుకున్నాను. కర్నూలు తర్వాత దాన్ని నేను విన్నది లేదు. షెడ్డులో కోత మెషీన్లు గీపెడుతున్నాయి. డ్రమ్ములవాడి జుట్టు నెరిసింది, సగం నెరుపు, సగం రాతిపొడి. టేప్ రికార్డరు అదే బండ మీద ఉంది. ఇంకా పాడుతాందా అని అడిగాను.

"పాడుతాది గానీ, ఏ క్యాసెట్ యేసినా దున్నపోతు మాదిరి మూలుగుతాది. మొన్న మెకానిక్కు చూపిచ్చినా. మోటార్లో అంతా రాతిపొడేనంట, బెల్టు సాగిందంట. ఎప్పట్నించో నిదానంగా తిరుగుతాందంటప్పా ఇది."

నాకు వెంటనే అర్థం కాలేదు. జేబులో క్యాసెట్ తీసి పెట్టాను. వాడు కోత మెషీన్లు ఆపించాడు.

పాట వచ్చింది. పరిగెత్తలేదు. గిటార్లు బరువుగా, నిదానంగా. వాటి మీద వాడి గొంతు, బావిలోంచి చేదేసి తోడినట్టు. మజ్జిగ, బోరుబండి, దుమ్ము, కేక. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నిదానంగా తిరిగే మెషీనులో రికార్డైన పాట అదే మెషీనులో సరిగ్గా వస్తుంది. సరిగ్గా తిరిగే మెషీనులో పెడితే పరిగెత్తి, సన్నబడి, ఆడపిల్ల గొంతవుతుంది. ఇంతే సంగతి. ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా విషయంలో మద్దెల నిజంగానే ఓటిది, మేమేమో ఆడేవాణ్ణి పంపించేశాం.

"నేను తొందరపడలా," అన్నాడు డ్రమ్ములవాడు. టేప్ రికార్డరు వైరు చుట్టి నా చేతికిచ్చాడు. బెల్టు మార్పించొద్దని మాత్రం చెప్పాడు.

మా మొదటి గాయకుడు అప్పటికి సంజామలలో ఎరువుల అంగడి నడుపుతున్నాడు. మధ్యాహ్నం పూట వెళ్లాను. అంగడి వెనకే ఇల్లు. నన్ను చూసి నవ్వాడు, కుర్చీ లాగాడు. చేతిలో టేప్ రికార్డరు చూసి నవ్వు ఆపాడు. మోటారు సంగతి, బెల్టు సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. తల ఊపుతూ విన్నాడు, ఎవరో పురుగుమందు గురించి చెబుతుంటే విన్నట్టు. ప్లగ్గు చూపించాడు. మీట నొక్కాను.

యూరియా బస్తాలకు ఆనుకుని, మెడ కొంచెం వంచుకుని నిలబడి విన్నాడు. కేక వచ్చేచోట వాడి గొంతుముడి కదిలింది. నేను అది చూసి, ఇప్పుడు పాడతాడు అనుకున్నాను. దేవుడి దయవల్ల ఇప్పటికైనా పాడతాడని ఆశపడ్డాను. పాడలేదు. పాట అయిపోయాక క్యాసెట్ ఉత్తగా తిరుగుతూ ఉంది.

లోపలి నుంచి వాళ్లావిడ చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. పెళ్లయ్యాక ఆమె ఒక్కనాడూ వాడి పాట విన్నది లేదు. ఎవరు పాడింది, గొంతు ఎంత బాగుందో అంది.

"మా బ్యాండులో ముందు ఒకడుండె," అన్నాడు వాడు. "మానుకున్యాడు."

ఆమె అయ్యో అని, నాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. వాడు వంగి, క్యాసెట్ మొదటికి తిప్పాడు. టేప్ రికార్డరు వాడి దగ్గరే వదిలేసి నేను నంద్యాల బస్సెక్కాను.