కిటికీలోంచి చూపిన చెరుకు గడ

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సులో నా ముందు సీట్లో విత్తనం గడలు అమ్మే రైతు చేతిలో నిలువునా చీల్చిన చెరుకు గడ ఉంది. లోపలంతా ఎర్రగా కుళ్లింది. నా పరిశోధన కూడా ఆ ఎర్రకుళ్లు తెగులు మీదే. బస్సు ఆగినచోటల్లా ఆయన గడను కిటికీలోంచి బయటపెట్టి అరుస్తున్నాడు.

"మా చేన్ల ఎర్రకుళ్లు వడ్డది. మీ చెరుకు సీల్చి సూస్కోండ్రి!"

"గిట్ల చెప్తే నీ దగ్గర విత్తనం గడలు ఎవరు కొంటరన్నా?" అన్నాను.

"కొనకుంటే మానె. నేను దాస్తే తెగులు దాగుతదా అక్కా?"

ఎడపల్లిలో ఒకతను గడను తిప్పి చూసి, "మాకాడ గూడ గిట్లనే ఉన్నదే," అన్నాడు. నిజామాబాద్ దాకా టికెట్ తీసుకున్న రైతు, అతని చేను చూడటానికి అక్కడే దిగిపోయాడు.

నా సంచిలో అదే తెగులు ఫోటోల సీడీ ఉంది. పేపర్ అచ్చయ్యేదాకా ఎవరికీ చూపొద్దని మా గైడ్ చెప్పారు. నిజామాబాద్‌లో దిగి నెట్ సెంటర్‌కు వెళ్లి, దేశదేశాల చెరుకు పరిశోధకులున్న ఈమెయిల్ గ్రూపుకు వాటిని పంపేశాను. గైడ్ చాలాకాలం నాతో ముభావంగానే ఉన్నారు.

పంపిన మర్నాడే బ్రెజిల్ నుంచి మొదటి జవాబు వచ్చింది. "మా దగ్గరా ఇలాగే ఉంది."