ఎర్త్ దొరకని యాంటెన్నా

కాపెల్ నుంచి, కార్‌లో మూడు రోజుల దూరమున్న శాన్ రామన్‌కి ఇల్లు మారుతున్నాం. సామానుతో పికప్ ట్రక్ నేను నడపాలి, వెనక కార్ నా భార్య నడపాలి. కిందటి చలికాలం మంచు మీద కార్ జారి హైవే గోడకి గుద్దుకున్నప్పటి నుంచి ఆమె హైవే ఎక్కలేదు. ఆఫీస్‌కైనా కూరగాయలకైనా చుట్టుదారిలో, చిన్న రోడ్ల మీదే వెళ్లి వస్తోంది. "నీ గొంతు వినబడుతుంటే డ్రైవ్ చేస్తా. లేదంటే కార్ అమ్మేసి ఫ్లైట్‌లో వస్తా," అంది. న్యూ మెక్సికో ఎడారిలో ఫోన్ సిగ్నల్ దొరకని దారి బోలెడంత. అందుకని లారీలవాళ్లు వాడే సీబీ రేడియోలు రెండు కొన్నాను.

ఆమె కార్‌ది చిటికెలో పని. యాంటెన్నా అడుగున అయస్కాంతం ఉంది, టాప్ మీద పెడితే టక్కున అతుక్కుంది. అదే ధైర్యంతో నా ట్రక్ మీద పెడితే జర్రున జారి కింద పడింది. ఈ ట్రక్ ఒళ్లంతా అల్యూమినియం అనీ, దానికి అయస్కాంతం అతుక్కోదనీ నాకు అప్పుడే తెలిసింది. కొనేటప్పుడు రంగు చూస్తాం గానీ లోహం ఎవరడుగుతారు?

టాప్‌కి కన్నం పెట్టడానికి మనసొప్పక, వెనక తొట్టి అంచుని పట్టుకునే క్లాంప్ తెచ్చి బిగించి దాని మీద యాంటెన్నా నిలబెట్టాను. రేడియో పంపే శక్తి గాల్లోకి పోతోందో, తిరిగి రేడియోలోకే వస్తోందో చూపించే చిన్న మీటర్ ఒకటి తగిలించాను. ముల్లు ఎర్ర గీతల్లోకి పోయి కూర్చుంది. అలాగే మాట్లాడితే రేడియో కాలిపోతుందట. ఒక వీడియోలో కేబుల్ మార్చమన్నారు. ఇంకోదాంట్లో కేబుల్ జోలికి పోవద్దు, యాంటెన్నా కడ్డీ కత్తిరించమన్నారు. మరొకాయన అసలు గ్రౌండే లేదన్నాడు. గ్రౌండ్ అంటే మన ఎర్తే కదా. నాకు తెలిసిన ఎర్త్, పెరట్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలం నీళ్లు పోసేది. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమి ఎక్కడిది? నేను ఈసీఈ చదివాను. యాంటెన్నాల పేపర్ పాసయ్యాను కూడా, ఎలాగని అడక్కండి. చివరికి మన పెట్రోల్ ట్యాంకర్లు వెనకాల ఈడ్చుకుంటూ పోయే గొలుసు గుర్తొచ్చి, ట్రక్ కింద ఓ గొలుసు వేలాడదీశాను. ముల్లు కదల్లేదు. నాకు ఒళ్లు మండింది.

"గొలుసెందుకు, ట్రక్ పారిపోతుందా?" అంది ఆమె గరాజ్ తలుపు దగ్గర నిలబడి.

విసుక్కుంటూ ఇంకో వీడియో పెట్టాను. ట్రక్ ఇనుప చట్రమే యాంటెన్నాకి భూమి అట, మట్టితో పనే లేదట. నా క్లాంప్ పెయింట్ మీద కూర్చుంది కాబట్టి లోహాన్ని తాకడమే లేదు. పెయింట్ గీకాలి. కొత్త ట్రక్. పూజ చేసినప్పుడు తొక్కించిన నిమ్మకాయల మరక ఇంకా టైర్ మీదే ఉంది. ఉప్పుకాగితం పట్టుకుని చాలాసేపు దాని చుట్టూ ప్రదక్షిణలు చేశాను.

"నా కార్ ముందంతా సొట్టపోయింది. నేను బానే ఉన్నా కదా. ఇటివ్వు," అని ఆమె కాగితం లాక్కుని, క్లాంప్ కింద చోటంతా తెల్లటి లోహం కనబడేదాకా రుద్దింది. ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి. నేను క్లాంప్ మళ్లీ బిగించి, అక్కడి నుంచి కింద చట్రానికి మందపాటి తీగ కలిపాను. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

"ఒక రౌండ్ వెళ్లొస్తా, టెస్ట్ చేద్దాం," అని ఆమె కార్ తీసింది.

నేను ట్రక్‌లో కూర్చుని మైక్ బటన్ నొక్కి పట్టాను. వదిలితే లైన్ కట్ అవుతుందేమోనని వదల్లేదు. "వినబడుతోందా? మెల్లగా పో. సిగ్నల్ దగ్గర ఎడమ పక్క చూసుకో. హైవే వైపు వెళ్లకు. వినబడుతోందా?" జవాబు లేదు. మీటర్ చూస్తే బాగానే ఉంది. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఫోన్ చేస్తే అది వంటింట్లో మోగింది. ఇక నాకు భయం పట్టుకుంది. మైక్ పడేసి, తలుపు వేసి, తీగ ఊడిందేమోనని ట్రక్ కిందికి దూరాను. తీగ గట్టిగానే ఉంది. ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

కాసేపటికి కార్ వచ్చి డ్రైవ్‌వేలో ఆగింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు.

"రేడియో పని చేయట్లేదు," అన్నాను ట్రక్ కింద నుంచే.

"చేస్తోంది. నీ ప్రతి మాటా వినబడింది. నువ్వు బటన్ వదిలితే కదా నా మాట నీకు వచ్చేది. ఒకళ్లు నొక్కి పట్టుకుంటే ఇంకొకళ్లది రాదు."

"నువ్వేం చెప్పావు?"

"హైవే ఎక్కాను అని చెప్పా. మళ్లీ మళ్లీ చెప్పా."

సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "ఏ హైవే?" అని అడిగాను, అంతకన్నా తెలివైన మాట తోచక.

"మళ్లీ వెళ్తున్నా. లోపల కూర్చో. మైక్ ముట్టుకోకు."

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ట్రక్‌లో కూర్చున్నాను. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. జాగ్రత్త అని చెబుదామని చెయ్యి మైక్ మీదికి పోబోయింది, ఆపుకున్నాను. తర్వాత ఇండికేటర్ చప్పుడు వినబడింది, దాని వెనక ఆమె ఊపిరి వినబడింది.

"పక్కన పెద్ద లారీ ఉంది," అంది. "దాన్ని పోనిచ్చా. ఇప్పుడు నేను ఎక్కుతున్నా."