గంటసేపు, కిలోమీటరు లోపల

ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన ఆ మనిషిని డిపోలో అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. బడి ముందు, మలుపుల దగ్గర, ముసలివాళ్లు రోడ్డు దాటే చోట ఆయన పాదం దానంతటదే బ్రేకు మీదికి వెళ్లిపోయేది. ఇన్నేళ్లలో బస్సుకి చిన్న గీత కూడా పడనివ్వలేదు. కండక్టరు మాత్రం, “నిదానం గారూ, ఈ జన్మలోనే డిపోకి చేరుద్దామండీ,” అని ఆటపట్టించేవాడు. ఆయన అద్దంలోంచి చూసి నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్న, సగం రూటులో, గుండెని ఎవరో పిడికిట్లో పెట్టి నొక్కినట్టయింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. అయినా బస్సుని పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, రెండు తలుపులూ తెరిచి, అప్పుడు స్టీరింగు మీద తల వాల్చాడు. ఆసుపత్రిలో బైపాస్ ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు: “మందులెంతో నడకా అంతే. మొదట పది నిమిషాలు, తర్వాత పెంచుకుంటూ పోవాలి. బయట, చదునైన రోడ్డు మీద.”

ఆయన ఇంటికొచ్చిన పదకొండో రోజున అంటువ్యాధి భయంతో ఊరికి ఊరే తలుపులు వేసుకుంది.

ఎవరూ బయటికి రాకూడదన్నారు. వ్యాయామానికి మాత్రం రోజుకి ఒక గంట, అదీ ఇంటికి కిలోమీటరు లోపల. ఒంటరిగా గానీ ఇంట్లోవాళ్లతో గానీ నడవొచ్చు. మాస్కు ఉండాలి, ఆగి కబుర్లు చెప్పుకోకూడదు, బల్లల మీద కూర్చోకూడదు. ఆ కాగితం వాళ్ల బిల్డింగు గేటుకి కూడా అంటించారు. కానీ ఆయన భార్య దాన్ని చదవలేదు. చదివినా ఒప్పుకునేది కాదు.

ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. టీవీలో రోజూ చెప్పే కేసుల అంకెలు అందరూ వింటారు, ఆవిడ వాటిని నోటుపుస్తకం వెనక రాసి గ్రాఫు గీసేది. గీత పైకి లేచినకొద్దీ ఆవిడ గుండె కిందికి జారేది. “మూడు రోజులకోసారి రెట్టింపవుతోందండీ. మిమ్మల్ని ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తెచ్చుకున్నాను. గడప దాటనిస్తానని కలలో కూడా అనుకోకండి,” అని తలుపుకి తాళం వేసి, తాళంచెవి జాకెట్టులో దోపుకుంది.

పాపం, ఆయనేం చేస్తాడు? వంటింటి గోడ నుంచి బాల్కనీ దాకా పదిహేడు అడుగులు. అటు పదిహేడు, ఇటు పదిహేడు. మధ్యలో మంచం అడ్డం, కుర్చీ అడ్డం, కళ్లతోనే కాపలా కాసే భార్య అడ్డం. మూడో రోజుకే విసుగొచ్చి మంచమెక్కాడు. కాళ్లు వాచాయి. స్నానాల గదికి వెళ్లొస్తే చాలు, ఆయాసం.

ఆపరేషన్ అయినవాళ్ల బాగోగులు కనుక్కోవడానికి వీధి చివరి ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సు మంగళవారం, శుక్రవారం ఫోన్ చేసేది.

“ఈరోజు నడిచారా బాబాయ్ గారూ?”

“ఆ, నడిచానమ్మా. ఇరవై నిమిషాలు.”

“శభాష్! ఎటు వెళ్లారు?”

అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి. నోటికొచ్చిన రూటు చెప్పేశాడు. “మార్కెట్ స్టాపు, పోస్టాఫీసు స్టాపు, అలా వంతెన దాటి పాత సినిమా హాలు దాకా...”

అవతల పక్కున నవ్వు. “బాబాయ్ గారూ, వంతెనకి అడ్డంగా డ్రమ్ములు పెట్టి పది రోజులైంది. పైగా మీ ఇంటి నుంచి సినిమా హాలు నాలుగు కిలోమీటర్లు. మీరు నడిచొచ్చారా, బస్సు తోలుకొచ్చారా?”

ఆయన నాలిక్కరుచుకున్నాడు.

“సరే, ఫోన్ పిన్నిగారికివ్వండి.”

టీచరు ఫోన్ తీసుకుని, తను చెప్పదలచుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. నర్సు మధ్యలో అడ్డు రాకుండా విని, మెల్లగా అంది. “మీ భయం తప్పు కాదు పిన్నిగారూ, నాకూ భయమే. కానీ మీరు లెక్క ఒకవైపే వేశారు. బయటికెళ్తే ఏమవుతుందో చూశారు. ఈ గుండెతో మంచం మీదే ఉంటే ఏమవుతుందో చూశారా? కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ గంట షికారు కోసం పెట్టింది కాదు, ఇలాంటివాళ్ల కోసమే. పొద్దున్నే ఆరింటికి రోడ్డు ఖాళీ. ఎవరైనా ఎదురైతే పక్కకి తప్పుకోండి, అంతే. రేపు డ్యూటీకి వెళ్తూ మీ గేటు దగ్గర ఆగుతాను. ఒక్కరోజు నడిచి చూడండి, నచ్చకపోతే మానేద్దురు.”

లెక్క ఒకవైపే వేశారన్న మాట టీచరుకి ఎక్కడో తగిలింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు తాళంచెవి తీసి టేబులు మీద పెట్టింది.

మర్నాడు ఆరింటికి గేటు బయట, నాలుగు బారల దూరంలో నర్సు నిలబడి ఉంది. ముఖానికి మాస్కు, దానిపైన ప్లాస్టిక్ అద్దం, తలకి టోపీ. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. “రండి బాబాయ్ గారూ, తొందరేం లేదు,” అంది. భార్యాభర్తలిద్దరూ ఆ వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చే వరకూ నర్సు అక్కడే ఉండి, గడియారం చూసి, “పదకొండు నిమిషాలు!” అని చప్పట్లు కొట్టి వెళ్లిపోయింది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లూ సీటు మీద ఎత్తులో కూర్చుని అద్దంలోంచి చూసిన రోడ్డే. కింద నిలబడి చూస్తే కొత్తగా ఉంది. హారన్లు లేవు, పొగ లేదు. మూసిన దుకాణాల బోర్డుల మీద పిచ్చుకలు కిచకిచమంటున్నాయి. పక్కన భార్య నడుస్తోంది. ఆయనేమో తెల్లవారకముందే డ్యూటీకెళ్లి, ఆవిడ పేపర్లు దిద్దుకునే వేళకి ఇల్లు చేరే మనిషి. ఇద్దరూ ఏ పనీ లేకుండా పక్కపక్కన నడవడం పెళ్లయ్యాక ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండో వారానికి పాతిక నిమిషాలయ్యాయి. ఆ ఉత్సాహంలో ఒకరోజు చౌరస్తా దాకా వెళ్లారు. బస్టాపు దగ్గరికొచ్చేసరికి ఆయనకి ఊపిరి అందలేదు. ఎర్ర టేపు చుట్టిన బల్ల ఎదురుగా ఉంది. టేపు పక్కకి నెట్టి కూలబడ్డాడు.

“లేవాలి, లేవాలి! అక్కడ కూర్చోకూడదు!” అంటూ చౌరస్తాలో కాపలా ఉన్న కానిస్టేబులు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

అప్పటిదాకా పిల్లిలా ఉన్న టీచరు ఒక్కసారిగా గొంతు పెంచింది. వెనక బెంచీ వాళ్లకి కూడా వినబడే గొంతు. “అక్కడే ఆగు! ఆయనకి గుండె ఆపరేషనై రెండు నెలలు కాలేదు. ఇదిగో కాగితం. దగ్గరికి రావద్దు, అక్కణ్ణుంచే చదువు!” అని డిశ్చార్జి కాగితం రెండు చేతులా విప్పి పట్టుకుంది.

కానిస్టేబులు బిక్కచచ్చిపోయి, మెడ సాచి, కళ్లు చికిలించి చదివాడు. లాఠీ చంకలో పెట్టుకున్నాడు. “అది కాదు మేడమ్, పోయిన వారం ఇదే బల్ల మీద నలుగురు కూర్చుని గంటసేపు ముచ్చట్లాడారు. అందులో ముగ్గురికి జ్వరం పట్టుకుంది. మా సారు నన్ను కడిగేశారు. నాకు మాత్రం సరదానా, పొద్దున్నే జనాల మీద అరవడం?” అన్నాడు.

టీచరు కాగితం మడిచింది. ఆయన లేచి, భార్య భుజం పట్టుకుని మెల్లగా ఇంటికొచ్చాడు. రేపటి నుంచి మళ్లీ పదిహేడు అడుగులే అనుకున్నాడు. కానీ మర్నాడు ఆరు కొట్టగానే ఆవిడే చెప్పులేసుకుని నిలబడింది.

“ఏంటలా చూస్తారు? పదండి. నిదానంగా వెళ్దాం.”

చౌరస్తా దగ్గర పడుతుంటే చూశారు. బస్టాపుకి కాస్త ఎడంగా, చెట్టు నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. కానిస్టేబులు సీసాలోంచి శానిటైజరు చల్లి, గుడ్డతో దాన్ని తుడుస్తున్నాడు. వీళ్లని చూసి దూరంగా జరిగాడు.

“కూర్చోండి పెద్దాయనా. రూల్లో బల్లలని రాశారు. కుర్చీ మాటెక్కడా రాయలేదు. రాత్రి రెండుసార్లు చదివాను.”

ఆయన కూర్చుని రెండు చేతులూ జోడించాడు. టీచరు మాత్రం, “నిన్న కాస్త గట్టిగా మాట్లాడాను బాబూ,” అంది.

“కాస్తేనా మేడమ్?” అన్నాడతను. ముగ్గురూ నవ్వారు, మాస్కుల వెనకనుంచే.

ఈ సంగతి శుక్రవారం ఫోన్‌లో విన్న నర్సు తన పైడాక్టరుకి చెప్పింది. ఆయన ఎవరెవరికి రాశాడో గానీ, పది రోజుల్లో గేటు మీద కొత్త కాగితం వెలిసింది. రోగులు, గర్భిణులు, వయసు మీరినవాళ్లు దారిలో ఐదు నిమిషాలు ఒంటరిగా కూర్చోవచ్చని అందులో ఉంది. నాలుగు కూడళ్లలో కుర్చీలు వేశారు.

నెలలు గడిచాయి. బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. డిపో డాక్టరు ఆయన చేత మెట్లెక్కించి, నాడి చూసి, మళ్లీ ఎక్కించి సంతకం పెట్టాడు. సీటులో కూర్చుని స్టీరింగు మీద చెయ్యి వేసిన రోజు ఆయనకి చాలామంది గుర్తొచ్చారు. మొదటి సెలవురోజునే భార్యని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాడు.

వరండాలో ఒక నర్సు మాస్కుతో నిలబడి రిజిస్టరు చూసుకుంటోంది. అదే ఎత్తు, అవే కళ్లు. ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, ఇంటి దగ్గర మనసులో కూర్చుకున్నదంతా చెప్పేశాడు. “నువ్వు ఆరోజు గేటు దగ్గర నిలబడకపోతే నేను ఇలా నిలబడేవాణ్ణి కాదు తల్లీ,” అంటుంటే కళ్లు తడిశాయి.

ఆవిడ రిజిస్టరు మూసి, చివరిదాకా వింది. “ఆవిడ నేను కాదండీ. తనని టీకాల డ్యూటీకి వేరే వార్డుకి పంపారు,” అంది.

ఆయన కంగారుపడ్డాడు. “అయ్యో! ముందే ఆపొచ్చు కదమ్మా.”

“ఆపబుద్ధి కాలేదండీ. ఇన్ని నెలల్లో మమ్మల్ని తిట్టినవాళ్లే గానీ ఇలా వెతుక్కుంటూ వచ్చినవాళ్లు లేరు.”

“అయితే నేను చెప్పిందంతా మీక్కూడానమ్మా. వెనక్కి తీసుకోను,” అన్నాడు ఆయన.

ఆవిడే తన ఫోన్ తీసి కలిపింది. “బాబాయ్ గారూ!” అన్న గొంతు వినగానే ఇక పొరపాటుకి చోటే లేకుండా పోయింది. ఆయన మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. సగంలో టీచరు ఫోన్ లాక్కుని, “నువ్వు చెప్పిన రెండోవైపు లెక్క సరిపోయింది తల్లీ,” అంది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, వెనక జనం గోల. “లైను పెరిగిపోతోంది పిన్నిగారూ, ఉంటాను. ఒక ఆదివారం మీ ఇంటికొస్తాను. ఈసారి మాస్కు తీసి!”

వచ్చింది కూడా. మూడు ఆదివారాల తర్వాత. తలుపు తీసిన ఆయన ఆ ముఖాన్ని గుర్తుపట్టలేక, ఎవరు కావాలమ్మా అని అడిగాడు.