మాడిన రేకు

హైదరాబాద్‌లో మా ఆఫీసు కింద ఒక మిఠాయి కొట్టు ఉంది. నిన్న అక్కడ ఎవరో పూతరేకుల పెట్టె విప్పితే నేతి వాసన గుప్పుమంది. పై అంతస్తులో నేను మాటలు రాస్తున్న వెబ్ సిరీస్ మీద చర్చ నడుస్తోంది. నాకు మాత్రం ఆత్రేయపురం పక్కన మా ఊరు, మంగ పిన్నిగారి పాక గుర్తొచ్చి కాసేపు మెట్ల మీదే నిలబడిపోయాను.

మంగ పిన్నిగారు మాకు చుట్టం కాదు, ఎదురింటావిడ. రేకులు తీసి బతికిన మనిషి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట ఉంటుంది. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే పొరలా రేకు వస్తుంది. కాస్త ఏమరుపాటైతే మాడిపోతుంది. అందుకని వెనక టీవీలో సీరియల్ ఎంత రసపట్టులో ఉన్నా ఆవిడ తల తిప్పేవారు కారు. ఏళ్ల తరబడి అన్నీ చెవులతోనే చూశారు. "ఆ కోడలుపిల్ల మొహం ఎలా ఉంటుందే?" అని నన్ను అడిగేవారు. "ఆయ్, అందంగానే ఉంటుందండీ, కానీ నిద్రలో కూడా పట్టుచీరేనండీ" అనేదాన్ని. నా ఉద్యోగానికి అక్షరాభ్యాసం అక్కడే జరిగింది.

నా మొదటి సిరీస్ రాగానే ఫోను పట్టుకుని గర్వంగా పిన్నిగారి దగ్గరికి వెళ్లాను. ఇప్పటి సిరీస్‌లంటే నాకు అభిమానమే. వీటిలో కాలవగట్టు కాలవగట్టులాగే కనిపిస్తుంది, ఆడవాళ్లు ముతక చీరలు కట్టుకుని మనలాగే మాట్లాడతారు. నా కథలో పాలు పొయ్యి మీద పెట్టానంటూ వచ్చిన ఒకావిడ, భర్త పోయిన కబురు విని రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడుతుంది. షూటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టిన మాటలవి. పిన్నిగారి చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఎలా ఉందండీ?" అన్నాను ఉండబట్టలేక.

"మాటలు మనవే అమ్మా, ముచ్చటగా ఉన్నాయి. కానీ ఆవిడ ఏడవకముందే వాయిద్యాలు ఏడ్చేస్తున్నాయేంటే? అయినా మీవాళ్లకి పనులుండవా? అంతసేపు మాట్లాడింది కదా, పొయ్యి మీద పాలు ఎవరు దించేరు?"

నాకు ఒళ్లు మండింది. "అంత దుఃఖంలో పాలెవరికి గుర్తుంటాయండీ?" అన్నాను.

ఆవిడ తీసిన రేకును పళ్లెంలో వేసి నెమ్మదిగా చెప్పారు. "మీ బాబాయిగారు పోయేరని కబురొచ్చినప్పుడు నేనిక్కడే కూర్చున్నాను. 'కుండ కింద మంట తీసేయండి' అన్నాను. అంతే. ఆ రోజంతా ఇంకో మాట రాలేదు."

ఆ మాట నన్ను వదల్లేదు. రెండో సిరీస్‌లో రేకులు తీసే ఆవిడ పాత్ర ఒకటి కల్పించి, ఆ మాట ఆవిడ నోట పెట్టేశాను. పిన్నిగారిని అడగాలని తోచనే లేదు. చూసినవాళ్లంతా ఆ ఘట్టాన్నే మెచ్చుకున్నారు. మళ్లీ ఫోను పట్టుకుని పాకలోకి పరిగెత్తాను.

"కుండ కింద మంట తీసేయండి" అని ఫోనులోంచి వినిపించింది. పిన్నిగారు గిరుక్కున తిరిగి తెర వైపు చూశారు. నాకు తెలిసి పని మధ్యలో ఆవిడ తల తిప్పడం అదే మొదలు. కుండ మీద రేకు నల్లబడి పొగ లేచింది.

"పిన్నిగారూ, రేకు మాడిందండీ!" అన్నాను సంబరంగా. నా రాతకు ఇంతకంటే బిరుదు ఏముంటుందనుకున్నాను.

ఆవిడ మాడిన రేకును గీకి పారేశారు. "ఆ పిల్ల బాగా చేసిందమ్మా. కానీ ఆ మాట నీకు చెప్పేను, ఊరికి కాదు" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమన్నాను. "పోనీలే, తిను" అని నెయ్యి, బెల్లం వేసి ఒక రేకు చుట్టి చేతిలో పెట్టారు. ఆ తర్వాత కూడా ఎప్పుడు వెళ్లినా ఆప్యాయంగానే పలకరించారు. అయితే తన సంగతులు మాత్రం మళ్లీ ఒక్కటీ చెప్పలేదు. రెండేళ్ల కిందట ఆవిడ పోయారు.

నిన్న మెట్లెక్కి పైకి వెళ్లేసరికి, నాతో పాటు రాస్తున్న అమ్మాయి, వాళ్ల అమ్మమ్మ అన్న మాటతో రాసిన ఘట్టం చదువుతోంది. అద్భుతమైన మాట. గదిలో అందరూ భేష్ అన్నారు.

"అమ్మమ్మగారిని అడిగావా?" అన్నాను.

ఆ అమ్మాయి కాగితాలు బల్ల మీద పెట్టి, ఫోను తీసుకుని బయటికి వెళ్లింది.