స్తోత్రం చెప్పని అన్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మా నాయనమ్మ ప్రార్థన చెయ్యందే ఎవరూ ముద్ద ఎత్తేవారు కాదు. మెదక్‌లో పెద్ద చర్చికి దగ్గర్లోనే మా పెంకుటిల్లు. ఆమెకు చదువు రాదు, బైబిల్ వాక్యాలు మాత్రం విని విని నోటికి వచ్చు. తినేది జొన్న రవ్వతో వండిన గటకే అయినా, అది ఇచ్చినందుకు ఆమె చెప్పే స్తోత్రం ఎంత పొడుగో ఆకలితో కూర్చున్న మాకు తెలుసు. మధ్యలో ఒక కన్ను తెరిచామా, నెత్తిన మొట్టికాయ పడేది. తన కళ్లు మూసుకునే ఉండి అదెలా కనిపెట్టేదో నాకు ఇప్పటికీ తెలియదు.

సండే స్కూల్లో సైతాను బొమ్మ చూపించేవారు, కొమ్ములతో, తోకతో. అలాంటివాడు మా వీధిలోకి వస్తే దూరం నుంచే గుర్తుపట్టి పారిపోవచ్చని నాకు గట్టి ధీమా.

పక్కింట్లో టాంగా నడిపే ఒకాయన ఉండేవాడు. ఆయన భార్యను మేమంతా వాళ్ల ఉర్దూలో ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. వాళ్లకు నా ఈడు కూతురు, నాకు ఆటల్లో జోడు. నిజాం రాజ్యం చివరి రోజులవి. రజాకార్లంటేనే జనం తలుపులు వేసుకునేవారు. మా చిన్నాయనను నర్సాపూర్ అడవి దారిలో వాళ్ల ముఠా ఒకటి పట్టుకుని చావబాదింది. ఆయన కుడి చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. నవ్వడం కూడా ఆ రోజుతోనే మానేశాడు.

తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది, రాజ్యం మారింది. ఊరంతా సంబరం. ఆ సంబరంలోనే కొందరు ఏ పాపమూ ఎరుగని ముస్లింల ఇళ్ల మీద కూడా పడ్డారు. గుర్రానికి గడ్డి తేవడానికి వెళ్లిన టాంగా ఆయన శవమై దొరికాడు. ఖాలా కూతురిని తీసుకుని, కట్టుబట్టలతో, మిలిటరీవాళ్లు కాపలా పెట్టిన బడిలోకి వెళ్లిపోయింది. వాళ్లింటి తలుపు గాలికి కొట్టుకుంటూ ఉండేది. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపు వచ్చేది.

ఒక మధ్యాహ్నం చిన్నాయన ఎడమ భుజం మీద బియ్యం మూటతో వచ్చాడు. “ఇన్నొద్దులకు దేవుడు మన దిక్కు చూసిండు వదినా, వండు” అన్నాడు మా అమ్మతో. అమ్మ ఏమీ అడగలేదు. గటక కూడా సరిగా దొరకని రోజులు, చంకలో ఏడ్చే మా తమ్ముడు. క్రిస్మస్‌కు తప్ప తెల్లన్నం ఎరగని పిల్లలం, ఆ వాసనకే కంచాల ముందు చేరి కళ్లు మూసుకున్నాం.

ఎంతకీ ప్రార్థన మొదలవలేదు. కళ్లు తెరిచాను. నాయనమ్మ మూలనున్న మూట వైపు చూస్తోంది. అది ఖాలా పాత ఓణీతో కట్టిన మూట.

“మనల్ని కొట్టినోల్లే గద” అన్నాడు చిన్నాయన.

నాయనమ్మ అరవలేదు, కంచం నెట్టెయ్యలేదు. “ఇయ్యాల నువ్వే ప్రార్థన చెయ్యి బిడ్డా. గీ బియ్యం ఎవరింట్లకెల్లి వచ్చినయో, గా ఇంటాయన పేరేందో దేవునికి చెప్పు. చెప్పినంక స్తోత్రం చెప్పు. తిందాం” అంది.

చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. పరలోకపు తండ్రీ అని మొదలుపెట్టి, టాంగా ఆయన పేరు దగ్గర ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఆనాడు అడవి దారిలో నెత్తుటితో పడి ఉన్న చిన్నాయనను టాంగాలో వేసుకుని దవాఖానకు చేర్చింది ఆ మనిషే. కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదట. పగ చిన్నాయనను అది కూడా మరిచిపోయేలా చేసింది. మా ముందు అన్నం చల్లారిపోతుండగా చిన్నాయన మొహం దాచుకుని ఏడ్చాడు.

అన్నం గిన్నె ఆయనే ఎత్తుకున్నాడు. నాయనమ్మ, నేను వెంట నడిచాం. బడిలో ఖాలా గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్లో కూతురు పడుకుని ఉంది. మమ్మల్ని చూసి చిన్నాయన చెయ్యి పట్టుకుంది. ఆయన నోరు విప్పేలోపే, “మా ఇంట్ల బియ్యం ఉన్నయి బేటా. మేం మల్ల వస్తమో రామో. ఎవరన్న ఎత్తుకపోకముందే మీరు తెచ్చుకొని పిల్లలకు వండి పెట్టుండ్రి” అంది.

చిన్నాయన అక్కడే కూలబడి జరిగింది చెప్పాడు. ఖాలా ఆయన చెయ్యి వదిలేసింది. తర్వాత కూతుర్ని లేపి, ముద్దలు చేసి తినిపించింది.

కొద్ది రోజులకు వాళ్లను లారీలో హైదరాబాద్ తీసుకుపోయారు. మిగిలిన బియ్యం చిన్నాయన లారీ దాకా మోసుకెళ్లి పెట్టాడు. ఖాలా మా వైపు చూడలేదు. వాళ్ల సంగతి మాకు మళ్లీ తెలియలేదు.

నాకు ఎనభై దాటాయి. ఆ రోజు చెడు మా ఇంటికి మా మనిషి భుజం మీదే వచ్చింది, అదీ దేవుడి పేరు చెప్పుకుని, ఆకలిగా ఉన్న పిల్లల కోసం. అందుకే ఏది చేతికందినా, అది ఎవరి దగ్గర నుంచి ఎలా వచ్చిందో ముందు దేవుడికి చెప్పుకుంటాను. ఎవరి పేరు దగ్గరైనా గొంతు ఆగితే, అది నాది కాదని వదిలేస్తాను.

ఖాలా అసలు పేరేమిటో మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. రోజూ ఆమె కోసం ప్రార్థిస్తాను. పక్కింటి ఖాలా అనే చెబుతాను, అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.