మొదటి పేషెంటు

ఈ రోజు సాయంత్రం పటాన్‌చెరులో నేను నడిపే పళ్ల క్లినిక్‌కి లక్డారం ఊరి యాదయ్య తన కూతురు సరితను తీసుకొచ్చాడు. ఆయనకు పాశమైలారంలో మందుల కంపెనీలో పని. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. డెంటల్ చదవాలట.

"పిల్లకు జెర మంచి సలహా చెప్పుండ్రి సారూ," అన్నాడు.

నీట్ మార్కుల సంగతి అందరూ చెప్తారు. ఎదుటివాళ్ల నోట్లోకి పది నిమిషాలు ముఖం తిప్పుకోకుండా చూడగలవో లేదో ముందు తేల్చుకోమన్నాను. కుర్చీ ఖాళీగానే ఉంది. యాదయ్యను పడుకోబెట్టి, అమ్మాయికి గ్లౌజులు తొడిగించి, చిన్న అద్దం చేతికిచ్చాను.

సరిత పై పళ్లు చూసింది, కింది పళ్లు చూసింది. వెనక పంటి సందులో ఇరుక్కున్న గుట్కా పలుకు దగ్గర అద్దం ఆగిపోయింది.

"బాపూ, గుట్కా బంద్ జేసిన అని నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసినవ్ గదా."

నోట్లో అద్దం ఉన్న మనిషి జవాబు చెప్పలేడు. ఆమె కూడా అద్దం తియ్యలేదు.

వెళ్లేటప్పుడు యాదయ్య నన్ను పక్కకు పిలిచాడు. "సారూ, పిల్లకు ఇంజనీరింగ్ అయితే ఎట్లుంటది?"

అమ్మాయి చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు, డెంటలే చదివించమన్నాను. డెంటల్ చదువుతామంటున్న పిల్లలున్న తల్లిదండ్రులూ, వాళ్లకు మీరు మొదటి పేషెంటుగా కూర్చుంటారా? నిజం రాయండి.